నడిపాడా, నడుపుతున్నట్టు ఊహించుకున్నాడా?

సందేహం: అమెరికన్ రచయిత జేమ్స్ థర్బర్ రాసిన ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ వాల్టర్ మిట్టీ’ అనే కథ గురించీ, దాని నుంచి వచ్చిన రెండు సినిమాల గురించీ వ్యాసం రాస్తున్నాను. భార్యతో కారులో ఊళ్లోకి వెళ్లిన మిట్టీ అనే మామూలు మనిషి, తాను విమాన కమాండర్ అయినట్టు, శస్త్రవైద్యుడైనట్టు పగటికలలు కనడమే ఆ కథ. “మిట్టీ తుఫానులో విమానం నడిపాడు” అని నేను రాస్తే, అది పగటికల కాబట్టి “నడిపినట్టు ఊహించుకున్నాడు” అని రాయాలని ఒక మిత్రుడు దిద్దారు. ప్రతి వాక్యం చివరా ‘ఊహించుకున్నాడు’ అని రాస్తే చదవడానికి విసుగ్గా ఉంటుంది. దాని బదులు ‘అనుకున్నాడు’, ‘కలగన్నాడు’ అని మార్చి మార్చి రాయవచ్చా? అలాగే “కథను సినిమాగా తీశారు”, “కథ ఆధారంగా సినిమా తీశారు” అనే రెండింటిలో ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడి దిద్దుబాటు వ్యాసానికి సరిపోతుంది, కథకు సరిపోదు. కథను బయట నిలబడి పరిచయం చేస్తున్నప్పుడు ఏది జరిగిందో, ఏది జరగలేదో పాఠకుడికి స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత వ్యాసకర్తది. కథను తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం ఆ స్పష్టతే కథకు శత్రువవుతుంది. ఈ తేడాను దృష్టిలో ఉంచుకుంటే మీ సందేహంలో సగం తీరుతుంది. మిగిలిన సగం మీరు అడిగిన మూడు క్రియల్లో ఉంది. అవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. విసుగు తగ్గించుకోవడానికి వాటిని మార్చి మార్చి వాడితే మిట్టీ అనే మనిషే మారిపోతాడు.

మొదట ‘అట్టు’ సంగతి చూద్దాం. ‘నడిపినట్టు’ అన్నంత మాత్రాన ఆ పని జరగలేదని అర్థం రాదు. “నేను చెప్పినట్టు చేశాడు” అన్నప్పుడు చెప్పడమూ జరిగింది, చేయడమూ జరిగింది. “ఎవరో వచ్చినట్టుంది” అన్నప్పుడు వచ్చి ఉండవచ్చునన్న అంచనా మాత్రమే ఉంది. “ఏడ్చినట్టు నటించాడు” అన్నప్పుడు ఏడుపు అబద్ధం. అంటే ‘అట్టు’ పోలికను చూపి ఊరుకుంటుంది, నిజమో కాదో తేల్చేది దాని తరువాత వచ్చే క్రియ. అందుకే మీ వాక్యంలో బరువంతా ‘ఊహించుకున్నాడు’ అనే మాట మీద పడింది. ఇక ‘నడిపినట్టు’ కంటే ‘నడుపుతున్నట్టు’ అనడం మేలు. ‘నడిపినట్టు’ అంటే పని పూర్తయిన భావం కలుగుతుంది. కానీ మిట్టీ కలలను దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు, ఏదో ఒకటి మధ్యలోనే తెంచేస్తుంటాయి. విమానం తుఫానును దాటి ఒడ్డుకు చేరదు. న్యాయస్థానంలో తీర్పు వెలువడదు. మధ్యలో ఆగిపోయే పనికి వర్తమానమే నప్పుతుంది. ‘అట్టు’, ‘అట్లు’, ‘అట్టుగా’ రూపాల్లో దేన్ని వాడినా దోషం లేదు. వ్యాసమంతటా ఒకే రూపం పాటిస్తే చాలు.

ఇప్పుడు క్రియల విషయం. ‘ఊహించు’ వేరు, ‘ఊహించుకొను’ వేరు. “ఇలా జరుగుతుందని ముందే ఊహించాను” అంటే అంచనా వేశానని అర్థం. చివర ‘కొను’ చేరగానే ఆ పని కర్త వైపు తిరిగి, తన కోసం తన మనసులో కట్టుకున్న బొమ్మ అనే భావం వస్తుంది. మిట్టీ చేసేది సరిగ్గా ఇదే. తాను కారు నడుపుతున్నానని అతడికి తెలుసు, పక్కన భార్య ఉందనీ తెలుసు. తెలిసి కూడా కాసేపు మరొక చోటికి వెళ్లి వస్తాడు. కాబట్టి ‘ఊహించుకొను’ అతడికి అతికినట్టు సరిపోయే క్రియ.

‘అనుకొను’ అలా కాదు. “తాను శస్త్రవైద్యుణ్ణని అనుకున్నాడు” అని రాస్తే, అతడు అలా నమ్మాడన్న అర్థం వస్తుంది. ఈ వాక్యం నిర్మాణాన్ని గమనించండి. ‘తాను’ ప్రథమ పురుష, ‘వైద్యుణ్ణి’ ఉత్తమ పురుష. “తాను ఓడిపోయానని చెప్పాడు” అన్నట్టుగా, మనిషి లోపల ‘నేను’ అని పలికిన మాటను ఆ ‘నేను’ గుర్తు చెరగకుండా బయటి వాక్యంలోకి తెచ్చే సౌలభ్యం తెలుగుకు ఉంది. నాకు ఈ నిర్మాణం చాలా ఇష్టం. కానీ ఆ సౌలభ్యమే ఇక్కడ చిక్కు తెస్తుంది. ‘అని’ అనే మాట ఒక నిశ్చయాన్ని పట్టి తెస్తుంది. ఆ నిశ్చయం వాస్తవం కానప్పుడు దాన్ని భ్రమ అంటాం. పగటికలలు కనేవాడు భ్రమపడడు. “తాను శస్త్రవైద్యుణ్ణని అనుకున్నాడు” అనే వాక్యం మిట్టీని మతి చెడినవాణ్ణి చేస్తుంది. కథలో అతడు మతి చెడినవాడు కాడు, అలసిపోయినవాడు.

‘కలగను’ విషయంలో మరొక జాగ్రత్త కావాలి. “సర్జన్ కావాలని కలలు కన్నాడు” అంటే అది ఆశయం. “సర్జన్ అయినట్టు పగటికలలు కన్నాడు” అంటే అది కాలక్షేపం. ‘ఆలని’ అంటే ముందున్న కాలం వైపు చూపు, ‘అట్టు’ అంటే ఇప్పుడే ఇక్కడే జరిగిపోతున్న ఊహ. పత్రికా భాషలో ‘కలలు కను’ అనే మాట దాదాపుగా ఆశయానికే స్థిరపడింది కాబట్టి, మిట్టీ విషయంలో ‘పగటి’ అనే విశేషణాన్ని వదలకండి. ‘దివాస్వప్నం’ అన్నా తప్పు కాదు కానీ, వ్యాసంలో పది చోట్ల రావలసిన మాట తేలికగా ఉండడం మంచిది.

నిద్రలో వచ్చిన కలను చెప్పేటప్పుడు మనం ‘ట’ వాడుతుంటాం: “నేనెక్కడో అడవిలో ఉన్నానట, వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారట.” మామూలుగా ‘ట’ ఇతరుల వల్ల విన్న సంగతికి గుర్తు. స్వయంగా చూసిన కలకు కూడా దాన్ని తగిలిస్తున్నామంటే, ఆ కలను కన్నది నేనే అయినా కల్పించింది నేను కాదన్న ఎరుక మాటలోనే ఉందన్నమాట. పగటికలను కల్పించేది ఎవరో కాదు, కనేవాడే. అందువల్ల “మిట్టీ విమానం నడుపుతున్నాడట” అంటే ఎవరో చెప్పగా విన్న వార్తలా ఉంటుంది తప్ప పగటికలలా ఉండదు. మీరు ‘ట’ గురించి అడగలేదు, అయినా క్రియలు మార్చే ప్రయత్నంలో అటువైపు వెళ్లకుండా ఉండడానికి చెబుతున్నాను.

ఇక కథ దగ్గరికి వద్దాం. 1939లో ‘ది న్యూయార్కర్’ పత్రికలో వచ్చిన ఈ కథ నేరుగా కల మధ్యలో మొదలవుతుంది. ఎనిమిది ఇంజన్ల నౌకాదళ విమానం, చుట్టూ తుఫాను, గొంతు పెగలని సిబ్బంది, చలించని కమాండర్. ఇది ఊహ అని రచయిత ఒక్క మాట కూడా చెప్పడు. కారు మరీ వేగంగా నడుపుతున్నావని పక్కనున్న భార్య కసరడంతో విమానం మాయమై, వాటర్‌బరీ అనే ఊరి వైపు వెళుతున్న కారు మిగులుతుంది. తెలుగులో మన క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి, ఎంత పెద్ద కలనైనా ఒకే వాక్యంలో నిజమన్నట్టు నడిపించి, చిట్టచివరి మాటతో కరిగించే వీలుంది. “మంచు పేరుకున్న అద్దాల వెనుక, సిబ్బంది అందరూ తన ముఖం వైపే చూస్తుండగా, ఎనిమిది ఇంజన్ల విమానాన్ని తుఫానులోకి నడుపుతున్నట్టు మిట్టీ ఊహించుకున్నాడు.” వ్యాసంలో ఇది మంచి వాక్యం. అనువాదంలో మాత్రం ఇలా రాయకూడదు. ‘ఊహించుకున్నాడు’ అనే మాట వచ్చిన మరుక్షణం, భార్య కసురుకు పాఠకుడు ఉలిక్కిపడే అవకాశం పోతుంది. మిట్టీతో పాటు మనమూ ఉలిక్కిపడాలి, కథ పన్నిన పన్నాగం అదే. కాబట్టి అనువాదంలో మీరు మొదట రాసిన “నడిపాడు” అనే రూపమే సరైనది.

మరి కల నుంచి మెలకువకు మారిన సంగతి పాఠకుడికి ఎలా తెలియాలి? ఇక్కడ తెలుగుకు ఇంగ్లీషులో లేని సాధనం ఒకటి ఉంది. కలలో అందరూ మిట్టీని గౌరవిస్తారు. అక్కడి మనుషుల చేత ‘మీరు’, ‘సార్’ అనిపించవచ్చు. అంతటితో ఆగకుండా, కథనంలో కూడా “కమాండర్ ఆజ్ఞాపించారు”, “డాక్టర్ మిట్టీ చేతి తొడుగులు ధరించారు” అని బహువచనంలో నడిపి, కల చెదరగానే “మిట్టీ కారు వేగం తగ్గించాడు” అని ఏకవచనానికి దించవచ్చు. ‘రు’ స్థానంలో ‘డు’ రావడంతోనే అతడు పొందిన గౌరవమంతా జారిపోయిన సంగతి ఏ వివరణా లేకుండా తెలిసిపోతుంది. భార్య చేత ‘నువ్వు’ అనిపించాలా, ‘మీరు’ అనిపించాలా అన్నది అనువాదకుడు తేల్చుకోవలసిన విషయం. నా మట్టుకు ‘నువ్వు’ అనే అనిపిస్తాను, ఎందుకంటే ఆమె అతణ్ణి మందలించేది చిన్నపిల్లవాణ్ణి మందలించినట్టే. అతడు వద్దన్నా బూట్లపై తొడుక్కునే రబ్బరు తొడుగులు కొనిపించే మనిషి ఆమె.

కథలో ఒక చోట అనువాదకుడికి అదృష్టం కలిసివస్తుంది. న్యాయస్థానపు పగటికలలో మిట్టీ ప్రభుత్వ న్యాయవాదిని గుద్ది, కుక్కతో పోల్చి తిడతాడు. ఆ తిట్టు నోటి నుంచి రాగానే, అంతసేపూ గుర్తుకు రాని సరుకు, కుక్కపిల్ల బిస్కెట్లు, అతడికి చప్పున గుర్తొస్తుంది. వీధిలో నిలబడి ఆ మాట పైకే అంటాడు, దారిన పోతున్న స్త్రీ నవ్వుతుంది. తెలుగులోనూ కుక్క తిట్టే కాబట్టి ఈ లంకె చెడకుండా వస్తుంది. ‘నీచుడా’ అని మర్యాదగా మారిస్తే లంకె తెగిపోయి, బిస్కెట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో పాఠకుడికి అంతుపట్టదు.

సినిమాల గురించి రాసేటప్పుడు మీ క్రియలు మళ్లీ మారాలి. 1947లో నార్మన్ మెక్‌లియాడ్ దర్శకత్వంలో, డానీ కే కథానాయకుడిగా వచ్చిన చిత్రంలో మిట్టీ పత్రికల ప్రచురణ సంస్థలో పనిచేస్తుంటాడు. ఊహల్లో మునిగే ఆ మనిషి నిజంగానే ఒక ప్రమాదంలో చిక్కుకుంటాడు. బోరిస్ కార్లాఫ్ పోషించిన మానసిక వైద్యుడు, జరిగినదంతా అతడి ఊహేనని అతణ్ణే నమ్మించబోతాడు. కథకు నప్పదని నేను పక్కన పెట్టమన్న ‘అనుకొను’, ‘భ్రమపడు’ అనే క్రియలు ఇక్కడ సరిగ్గా అమరుతాయి. “తాను భ్రమపడ్డానేమోనని మిట్టీ అనుమానపడతాడు” అని నిస్సంకోచంగా రాయవచ్చు.

2013లో బెన్ స్టిల్లర్ తానే నటించి దర్శకత్వం వహించిన చిత్రంలో మిట్టీ ‘లైఫ్’ పత్రికలో ఫొటో నెగటివ్‌లు భద్రపరిచే ఉద్యోగి. మొదట్లో అతడు రైలు ప్లాట్‌ఫాం మీద నుంచి ఎదుటి భవనం కిటికీలోకి దూకి, పేలుడుకు ముందు కుక్కను కాపాడతాడు. అది ఊహ, “కాపాడుతున్నట్టు ఊహించుకుంటాడు” అని రాయాలి. తప్పిపోయిన నెగటివ్‌ను వెతుకుతూ గ్రీన్‌లాండ్ వెళ్లినప్పుడు, తాగి ఉన్న పైలట్ నడిపే హెలికాప్టర్ ఎక్కడానికి మొదట వెనకాడి, తనకు ఇష్టమైన స్త్రీ పాట పాడుతున్నట్టు ఊహించుకుని, పరుగెత్తి దానిలోకి దూకుతాడు. ఈ వాక్యాన్ని చాలా జాగ్రత్తగా రాయండి. పాట ఊహ, దూకడం నిజం. ‘పాడుతున్నట్టు’ అనే చోట ‘అట్టు’ ఉండాలి, ‘దూకుతాడు’ దగ్గర ఉండకూడదు. “పాడుతున్నట్టు, తాను దూకినట్టు ఊహించుకుంటాడు” అని రెండింటినీ ఒకే క్రియ కింద చేరిస్తే సినిమా కీలకమే దెబ్బతింటుంది, ఎందుకంటే ఊహ చేతల్లోకి మారే మలుపు అదే. ఆ తరువాత ఊహలు పలచబడి ప్రయాణం చిక్కబడుతుంది. ‘అట్టు’ నుంచి ‘ఆలని’ వైపు, కాలక్షేపం నుంచి ఆశయం వైపు నడిచే మనిషి అతడు. “వెళ్లాలని కలలు కన్నాడు” అనే వాక్యం ఈ సినిమాకు చెల్లుతుంది, థర్బర్ కథకు చెల్లదు. కథలోని మిట్టీకి ఎక్కడికీ వెళ్లాలని లేదు. గోడకు ఆనుకుని సిగరెట్ వెలిగించి, తుపాకుల వరుస ఎదుట నిలబడిన వీరుడిగా తనను ఊహించుకోవడంతోనే అతడి కథ ముగుస్తుంది.

ప్రతి వాక్యానికీ ‘ఊహించుకున్నాడు’ తగిలించడం విసుగు అన్నారు. క్రియ మార్చనక్కర లేదు, వాక్యాలను కలపండి. మొదట ఒక్కసారి “మిట్టీ ఇలా ఊహించుకుంటాడు” అని చెప్పి, తరువాతి నాలుగైదు వాక్యాలను మామూలు క్రియలతో నడిపి, “ఇంతలో భార్య మాట వినబడి ఉలిక్కిపడతాడు” అని కలను మూసేస్తే చాలు. పరిచయ వ్యాసాలకు అలవాటైన ‘నడుపుతాడు’, ‘ఉలిక్కిపడతాడు’ వంటి తద్ధర్మ రూపాలనే ఆసాంతం వాడండి. పదే పదే జరిగేదానికి ‘ఊహించుకుంటుంటాడు’ అన్నది సరిపోతుంది.

రెండవ సందేహానికి జవాబు చిన్నది. “కథను సినిమాగా తీశారు” అంటే కథలోని సంఘటనలే తెరకెక్కాయన్న అర్థం వస్తుంది. భార్యతో కలిసి ఊళ్లోకి వెళ్లి, సామాను కొని, ఆమె కోసం ఎదురుచూసిన మనిషి కథలోని మిట్టీ. ప్రమాదంలో చిక్కుకున్న ప్రచురణ సంస్థ ఉద్యోగి గానీ, గ్రీన్‌లాండ్ వెళ్లిన నెగటివ్‌ల సంరక్షకుడు గానీ ఆ కథలో లేరు. కాబట్టి రెండు చిత్రాలకూ “కథ ఆధారంగా తీశారు” అనడమే సరైనది. 2013 నాటి చిత్రానికి “కథలోని పాత్ర ఆధారంగా” అంటే ఇంకా కచ్చితంగా ఉంటుంది.