కొలెస్ట్రాల్ మాత్ర మానేస్తే మతిమరుపు తగ్గుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్ల కిందట స్టెంట్ వేశారు. అప్పటి నుంచి కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఇంకా ముందు నుంచే ఉంది. ఈ మధ్య పేర్లు గుర్తుకు రావటం లేదు. మెదడుకు కొలెస్ట్రాల్ కావాలని, వయసు మళ్లాక అది తగ్గుతుందని, మాత్ర ఆపేయాలని వాట్సాప్‌లో చూసి మానేశారు. నిజమేనా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: ముందు ఈరోజే గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, మాత్ర మళ్లీ మొదలుపెట్టించండి. స్టెంట్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపితే గుండెపోటు ముప్పు పెరుగుతుంది.

ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. చిక్కంతా అందుకే. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో 20 శాతం దాకా అక్కడే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా నరాల పోగులను చుట్టి ఉండే మైలిన్‌లో ఉంటుంది. అయితే అది రక్తంలోంచి వచ్చింది కాదు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్) మెదడు లోపలికి రానివ్వదు, తనకు కావాల్సింది తానే తయారు చేసుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ పని ప్రధానంగా ఆస్ట్రోసైట్లు అనే కణాలది. అవి తయారుచేసిన కొలెస్ట్రాల్‌ను అపో-ఈ అనే ప్రొటీన్ నాడీకణాలకు మోసుకెళ్తుంది. మిగులు రూపం మార్చుకుని రక్తంలోకి వచ్చి, లివర్‌కు చేరుతుంది. కాబట్టి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష) రిపోర్టు చూసి మెదడులో ఎంత ఉందో చెప్పలేం.

వయసుతో మార్పు రావటం నిజమే. నడివయసు దాటాక మైలిన్ క్రమంగా తగ్గుతుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కొత్త కొలెస్ట్రాల్ తయారీ కూడా మందగిస్తుంది. మాత్ర ఆపినా, రోజూ నెయ్యి తిన్నా అది తిరిగి పెరగదు. పైగా నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటాన్ని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియా (తీవ్ర మతిమరుపు జబ్బు) ముప్పుల జాబితాలో చేర్చింది.

స్టాటిన్లతో, అంటే అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులతో, మతిమరుపు అసలు రాదని నేననను. కొందరు అలా ఫిర్యాదు చేస్తున్నారని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు లేబుల్‌లో చేర్పించింది. మందు ఆపితే అది తగ్గిపోతుందనీ చెప్పింది. మాత్ర మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొద్దికాలానికే మరుపు వచ్చి ఉంటే డాక్టర్ మందు మార్చి చూస్తారు. నాలుగేళ్లు బాగానే ఉండి ఇప్పుడు వచ్చిందంటే నా అనుమానం మెట్‌ఫార్మిన్ మీదకు పోతుంది. దాన్ని ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు, అది తగ్గితే మతిమరుపు రావచ్చు. అలాగని దాన్నీ ఆపొద్దు, తక్కువుంటే బీ12 ఇస్తే సరిపోతుంది. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు వాడుతున్నారేమో, చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో కూడా చూడండి.

పేరు కాసేపటికి గుర్తొస్తే కంగారు పడక్కర్లేదు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా, డబ్బు లెక్కల్లో తికమక పడుతున్నా న్యూరాలజిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసి తీసుకెళ్లండి, ఆయుర్వేదం పొడులు ఉంటే అవి కూడా.