ఎనిమిదో తరగతి పాపకి లెక్కల సాధనలో క్యాలిక్యులేటర్ ఇవ్వొచ్చా?

అకరణీయ సంఖ్యలు (1/7 లాగా భిన్నంగా రాయగలిగేవి), ఘాతాంకాలు (2³లో పైనుండే 3 లాంటివి) సాధన చేస్తూ పాప క్యాలిక్యులేటర్ అడుగుతోంది, ఇస్తే చేతిలెక్క మర్చిపోతుందేమో అని మీ భయం. ఇవ్వండి. సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి లెక్కలు చెప్తుంటాను కాబట్టి ధైర్యంగానే అంటున్నాను. కాకపోతే జవాబు ముందు నోట్సులో రాశాకే క్యాలిక్యులేటర్ ముట్టుకోవాలి.

పోయినేడు నా దగ్గరకొచ్చే ఒక పిల్లవాడు 2⁻³ అంటే −8 అని రాసేవాడు. సూత్రం అడిగితే గడగడా అప్పజెప్తాడు, లెక్కకొచ్చేసరికి మళ్లీ −8. ఓ రోజు కిరాణా కొట్లో వాడే మామూలు క్యాలిక్యులేటర్ చేతికిచ్చి 16 ÷ 2 = కొట్టమన్నాను. 8 వచ్చింది. ఇక = ఒక్కటే నొక్కుతూ వచ్చినవి వరసగా రాయమన్నాను. 4, 2, 1. వాటి పక్కనే 2², 2¹, 2⁰ అని రాయించాను. ఇంకోసారి నొక్కితే ఏమొస్తుందంటే "సున్నా" అన్నాడు. 0.5 వచ్చింది. తర్వాత 0.25, 0.125. కాసేపు అలాగే చూసి, "అక్కా, ఎన్నిసార్లు నొక్కినా మైనస్ రాదా?" అన్నాడు. "సగం చేసుకుంటూ పోతున్నాం కదరా, మైనస్ ఎలా వస్తుంది?" అన్నాను. 2⁻³ ఎదురుగా 1/8 అని తనే దిద్దుకున్నాడు. 2⁰ ఎందుకు 1 అవుతుందో విడిగా చెప్పాల్సిన పనే పడలేదు. (కొన్ని మోడళ్లలో, ఫోన్లలో = మళ్లీ నొక్కినా అంకె కదలదు. అప్పుడు ప్రతిసారీ ÷ 2 = కొట్టించండి.)

అకరణీయ సంఖ్యల దగ్గర మాత్రం జాగ్రత్త. 1 ÷ 7 కొడితే 142857 మళ్లీ మొదలవడం కళ్లకి కనిపిస్తుంది. అదే 1 ÷ 17 కొడితే పన్నెండంకెల క్యాలిక్యులేటర్ 0.05882352941 దగ్గర ఆగిపోతుంది. అంతమయ్యే దశాంశమే అనుకుంటారు పిల్లలు. నిజానికి అక్కడ 16 అంకెల తర్వాతే ఆవర్తనం, అంటే అవే అంకెలు మళ్లీ మొదలవడం. ఈ ఒక్క భాగహారం చేత్తో చేయించండి, ఓపిక పట్టి చివరిదాకా. శేషాలు 1 నుంచి 16 లోపే ఉంటాయి కాబట్టి పాత శేషం ఎప్పుడో తిరిగి రావాల్సిందే. అది తిరిగొచ్చిన వరస దగ్గర పాప చేత పెన్సిల్‌తో సున్నా చుట్టించండి.

సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ అయితే −3², (−3)² రెండూ కొట్టించి, −9, 9 ఎందుకు వేర్వేరుగా వచ్చాయో పాపనే చెప్పమనండి.

టెన్త్ పబ్లిక్ పరీక్షల్లో క్యాలిక్యులేటర్ ఉండదు. అందుకే నా దగ్గర లెక్కలన్నీ చేత్తోనే, సరిచూసుకోవడం చివరి పది నిమిషాల్లో.