పరుగెడితే వాంతి ఎందుకవుతోంది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వ్యాయామం చేస్తుంటే కడుపులో తిప్పుతోందని రాసినవాళ్లలో చాలామంది ఏం తిన్నారో వివరంగా రాశారు. ఆ వికారం ఎన్నో నిమిషంలో మొదలైందో, ఆగాక ఎంతసేపటికి తగ్గిందో మాత్రం కొద్దిమందే రాశారు. కారణం పట్టుకోవడానికి మాకు తిండి కన్నా ముందు ఆ సమయమే కావాలి. మొదలైన అయిదు నిమిషాలకే వచ్చే వికారం వేరు, వేగం బాగా పెంచాక వచ్చేది వేరు, ఆగిన మరుక్షణం వచ్చేది వేరు. ఈసారి జవాబులన్నీ ఆ తేడా మీదే.

ప్ర: నా వయసు 23. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాను. తెల్లవారుజామున 4:30కి అర లీటరు గేదె పాలు తాగి, రెండు అరటిపండ్లు తిని, నాలుగు పచ్చిగుడ్లు మింగి 5 గంటలకు గ్రౌండ్‌లో ఉంటాను. రెండు రౌండ్లు బాగానే పరుగెడతాను. మూడో రౌండ్‌లో కడుపులో దేవేసినట్టు ఉంటుంది. పరుగు పూర్తికాగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగుతాను, వెంటనే వాంతి అవుతుంది. పోను పోను అలవాటైపోతుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జ: ఒంట్లో సత్తువ పెరిగేకొద్దీ వికారం కొంత తగ్గే మాట నిజం. కానీ అర లీటరు గేదె పాలను అరగంటలో దించేసుకోవడం ఏ కడుపుకూ అలవాటు కాదు.

ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో పావు వంతు వరకూ జీర్ణాశయం, పేగులు, కాలేయం వైపు వెళ్తుంది. గట్టిగా పరుగెత్తినప్పుడు కాళ్ల కండరాలకు రక్తం కావాలి కాబట్టి శరీరం పేగుల వైపు రక్తనాళాలను బిగిస్తుంది. వేగం బాగా పెరిగితే అటు వెళ్లే రక్తం 80 శాతం దాకా తగ్గిపోవచ్చు. అప్పుడు జీర్ణాశయం తనలో ఉన్నదాన్ని పేగుల్లోకి తోయడం మందగిస్తుంది. ఉన్నది ఉన్నచోటే ఉండి, అడుగు పడినప్పుడల్లా కుండలో నీళ్లలా ఎగిరెగిరి పడుతుంది. అర లీటరు గేదె పాలలో 30 గ్రాములకు పైగా కొవ్వు ఉంటుంది. కొవ్వు మామూలుగానే కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది. పైగా పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర మనలో చాలామంది పెద్దలకు సరిగా అరగదు, ఉబ్బరం అందువల్లే. ఇక పచ్చిగుడ్డు వెంటనే మానేయండి. అందులోని ప్రొటీన్‌లో సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే 90 శాతం దాకా పడుతుంది. సాల్మొనెల్లా క్రిమి భయం కూడా ఉడికిస్తే పోతుంది.

అయితే తప్పంతా పాలది కాదు. ఇబ్బంది మూడో రౌండ్‌లోనే మొదలవుతోందంటే వేగాన్ని కూడా అనుమానించాలి. గుంపుతో పాటు మొదటి రౌండ్‌ను 80, 85 సెకన్లలో లాగేస్తే కండరాల్లో ఆమ్లం త్వరగా పేరుకుని, ఆ మార్పు రక్తంలోనూ కనిపిస్తుంది. అది మెదడులో వాంతిని నడిపించే భాగాన్ని రెచ్చగొడుతుంది. 7 నిమిషాల్లో ముగించాలంటే 400 మీటర్ల రౌండ్‌కు 1 నిమిషం 45 సెకన్లు చాలు. మొదటి రౌండ్ 1:45 కన్నా ముందే అయిపోతోందంటే చివర్లో కావలసిన బలాన్ని ముందే ఖర్చుపెట్టేస్తున్నట్టే.

ఇక ఆగగానే వాంతి. పరుగెత్తేటప్పుడు పిక్కలు బిగుస్తూ, వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంటాయి. టక్కున ఆగితే ఆ పంపు ఆగిపోయి, రక్తం కాళ్లలోనే నిలిచి, బీపీ పడిపోతుంది. కళ్లు బైర్లు కమ్మడం, వికారం దాని వల్లే. అదే సమయంలో ముందుకు వంగి నిండు కడుపును నొక్కుతున్నారు కూడా.

మూడు కారణాలు ఉన్నప్పుడు మూడింటినీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం తిండి ఒక్కటే మార్చండి. రాత్రి భోజనం 8 గంటల్లోపు ముగించండి. పొద్దున పరుగుకు 40 నిమిషాల ముందు బాగా పండిన అరటిపండు ఒకటి, ఒక గ్లాసు నీళ్లు, అంతే. పాలు, ఉడికించిన గుడ్లు పరుగయ్యాక గంటలోపు తీసుకోండి. వేగం పాతదే ఉండనివ్వండి. రెండో వారం అదే తిండితో వేగం సరిచేయండి: 10 నిమిషాలు మెల్లగా జాగింగ్, ఆ తర్వాత ప్రతి రౌండ్‌కు వాచీ చూసుకుంటూ 1600 మీటర్లు. మూడో వారం గీత దాటాక వంగకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని రెండు రౌండ్లు నడవండి. ప్రతిరోజూ ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఏ రౌండ్‌లో తిప్పింది, ఎంతసేపటికి తగ్గింది. పూర్తి వేగంతో 1600 మీటర్లు వారానికి రెండుసార్లకు మించి వద్దు.

వాంతి అయిన రోజు గటగటా నీళ్లు తాగితే అవీ బయటికే వస్తాయి. నోరు పుక్కిలించి, అయిదు నిమిషాలకోసారి రెండు గుక్కల చొప్పున తాగండి. ఓఆర్‌ఎస్ కలుపుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు సరిపోయేది, దాన్ని ఒక్క గ్లాసులో కలిపేస్తారు. అంత చిక్కటి ద్రావణం పేగుల్లోకి నీటిని లాగి, వికారం పెంచి, విరేచనాలు కూడా తెస్తుంది. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. కలిపే ముందు ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉందో చదవండి. కాలి నొప్పికని పరుగుకు ముందు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు వేసుకునే అలవాటుంటే అది కూడా మానాలి. రక్తం తగ్గిన కడుపు లోపలి పొరను అవి ఇంకా దెబ్బతీస్తాయి.

వాంతిలో రక్తం, కాఫీ పొడిలాంటి నలుసులు కనిపించినా, నల్లటి విరేచనం అయినా అది ప్రాక్టీస్ సమస్య కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఎండలో పరుగెడుతూ మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా వడదెబ్బే. అలాంటి మనిషికి తాగడానికి ఏమీ ఇవ్వకండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయించండి.

ప్ర: నాకు 54 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. పొద్దున వాకింగ్‌లో పది నిమిషాలు నడిచేసరికి పొట్ట పైభాగంలో బరువుగా, వికారంగా ఉండి చెమటలు పడుతున్నాయి. బెంచీ మీద అయిదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాస్ అని నెల రోజులుగా పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను, సోడా తాగుతున్నాను. మార్పు లేదు. నడిచే ముందు ఏం తినమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: అమ్మా, ఈ పుస్తకం మీ చేతికి అందిన రోజు నుంచే వాకింగ్ ఆపేయండి. రేపే గుండె డాక్టరు గారిని కలవండి. తిండి సంగతి తర్వాత చూద్దాం.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపేసిన వాక్యం ‘కూర్చుంటే తగ్గిపోతుంది’ అన్నదే. గ్యాస్‌కు మన నడకతో లెక్క ఉండదు. తిన్న తర్వాతో, పడుకున్నప్పుడో, వంగినప్పుడో వస్తుంది, తేన్పు వస్తే తేలిక పడుతుంది. దాదాపు ఒకే దూరం నడిచేసరికి వచ్చి, నిలబడితే, కూర్చుంటే పోతోందంటే గుండెకు రక్తం చాలడం లేదేమోనని ముందు చూడాలి. గుండె నొప్పి అనగానే ఎడమ వైపు పట్టేసి, చేయి లాగుతుందనుకుంటాం. ఆడవాళ్లలో, ముఖ్యంగా చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో అలాంటి నొప్పి రాకుండా వికారం, ఆయాసం, చెమట, పొట్టలో బరువు మాత్రమే కనిపించవచ్చు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియకుండా పోతుంది.

డాక్టరు గారితో ‘గ్యాస్’ అనే మాట అనకండి. ‘ఇంత దూరం నడిస్తే వస్తుంది, ఇన్ని నిమిషాలు కూర్చుంటే పోతుంది, మెట్లెక్కితే ఇలా ఉంటుంది’ అని చెప్పండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు, శ్రమ లేనప్పుడు తేడా కనిపించకపోవచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, లేదా ఇంకేదైనా అవసరమా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. ఈలోగా కూర్చున్నప్పుడే ఆ బరువు వచ్చినా, విశ్రాంతి తీసుకున్నా పది నిమిషాల్లో తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. ఆటో కోసం, ఇంట్లో మగవాళ్ల రాక కోసం చూడకండి.

షుగర్ పడిపోవడం వల్ల కావచ్చా అంటే, గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్లకు ఆ ప్రమాదం ఉన్న మాట నిజమే. కానీ అలా వచ్చిన వికారం అయిదు నిమిషాలు ఊరికే కూర్చుంటే పోదు, తీపి ఏదైనా పడాల్సిందే. అనుమానంగా ఉన్నప్పుడల్లా గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మెట్‌ఫార్మిన్ వల్ల కూడా వికారం వస్తుంది కానీ, అది నడకతో పని లేకుండా మాత్ర వేసుకున్నాక వస్తుంది. డాక్టరు గారిని అడగకుండా ఏ మాత్రా ఆపకండి.

ప్ర: వయసు 29, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం, సాయంత్రం 7 గంటలకు జిమ్. వెళ్లే ముందు ప్రీ వర్కౌట్ పొడి ఒక స్కూప్ తాగుతాను. కాళ్ల వ్యాయామం రోజు మాత్రమే స్క్వాట్ మూడో సెట్‌కి వికారం, చేతుల్లో వణుకు. మిగతా రోజులు ఏమీ ఉండదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: తొడలు, పిరుదులు ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు. వాటికి పని చెప్పిన రోజు కడుపుకు రక్తం బాగా తగ్గుతుంది, ఆమ్లమూ ఎక్కువ తయారవుతుంది. దానికి తోడు ఆరు గంటల ఖాళీ కడుపులో ఆ పొడి పడుతోంది. ఇలాంటి చాలా పొడుల్లో స్కూప్‌కు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, అంటే దాదాపు రెండు మూడు కప్పుల కాఫీ ఒక్క గుక్కలో. వణుకు చాలావరకు అందువల్లే. ముందు రెండు వారాలు పొడి మానండి. సాయంత్రం 5:30కి రెండు ఇడ్లీలో, రెండు బ్రెడ్ ముక్కలో తినండి. నూనె సరుకు వద్దు. సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండున్నర నిమిషాలు ఆగండి. బరువుతో కిందికి దిగేటప్పుడు ఊపిరి తీసుకుని, పైకి లేచేటప్పుడు నోటితో వదలండి. ఊపిరి బిగబట్టి లేస్తే పొట్టలో ఒత్తిడి పెరిగి, లోపలున్నది గొంతులోకి తన్నుకొస్తుంది. బెల్ట్‌ను సెట్ అవగానే వదులు చేయండి.

చాలా రోజుల విరామం తర్వాత ఒకేసారి ఎక్కువ చేసి, మర్నాడు తొడలు రాయిలా బిగుసుకుపోయి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండరాల్లోంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ప్ర: వయసు 34. పొద్దున కాఫీ తాగిన పావుగంటకు సూర్యనమస్కారాలు చేస్తాను. ముందుకు వంగినప్పుడల్లా గొంతులో పుల్లటి నీళ్లు, వికారం.
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జ: కాఫీని నమస్కారాల తర్వాతకు మార్చండి. అన్నవాహిక చివర ఉండే కండరాన్ని కాఫీ వదులు చేస్తుంది, తల కిందికి వంచితే కడుపులోది పైకి వస్తుంది. వారంలో తేడా కనిపించాలి. పుల్లటి నీళ్లు లేకుండా, తల వంచగానే గది అంతా గిర్రున తిరిగి నిమిషంలోపు సర్దుకుంటే అది కడుపుది కాదు, చెవిలోని సమతూకపు భాగానిది. ఈఎన్‌టీ డాక్టరును కలవండి. కాఫీ మానినా పొద్దున పూట వికారం తగ్గక, నెలసరి తేదీ దాటి ఉంటే మందుల షాపులో కిట్ తెచ్చుకుని ముందు గర్భ పరీక్ష చేసుకోండి.