వయోలిన్, పియానో సొనాటాలను జంటగా రికార్డు చేసేటప్పుడు వేర్వేరు ట్రాకులు ఎందుకు వద్దంటాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరిద్దరూ మొజార్ట్, బీథోవెన్ సొనాటాలను, అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలను, కొన్నింటిని రికార్డు చేయాలనుకుంటున్నారు. ఇంతవరకు చేసి చూసుకున్న రికార్డింగులలో పియానో వయోలిన్‌ను మింగేస్తోంది. ఇద్దరూ వేర్వేరు గదులలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించి, రెండు ట్రాకులనూ తరువాత కలుపుకుంటే మేలని ఎవరో సలహా ఇచ్చారు. అలా చేయవచ్చునా అని మీ సందేహం. నేను పియానో వాయిస్తాను. తొమ్మిదేళ్లుగా ఒకే వయోలిన్ విద్వాంసురాలితో జంటగా వాయిస్తున్నాను. ఈ సొనాటాలను మేము రెండుసార్లు రికార్డు చేశాము. మొదటిసారి మీకు వచ్చిన సలహాకు దగ్గరగా ఉన్న పద్ధతినే పాటించి, ఆ రికార్డింగును పూర్తిగా వదులుకున్నాము. అందుకే సూటిగా చెబుతున్నాను: వేర్వేరు గదులు వద్దు. ఈ సంగీతంలో రెండు వాద్యాల సమతూకం మీరు నిలబడిన చోట, కూర్చున్న చోట, గాలిలోనే కుదరాలి. అక్కడ కుదరనిదాన్ని మిక్సింగు బల్ల మీద కుదర్చలేము.

కారణం ఈ రచనల స్వభావంలోనే ఉంది. వీటిని వయోలిన్ సొనాటాలు అనడం మనకు అలవాటైపోయింది. కానీ బాల మొజార్ట్ రాయగా 1764లో పారిస్‌లో అచ్చయిన సొనాటాలు నిజానికి కీబోర్డు వాద్యానికి రాసినవి; వయోలిన్ వాటికి పక్కవాద్యం. 1778లో వెలువడిన కె. 301 నుండి 306 వరకు గల (‘కె.’ అంటే మొజార్ట్ రచనల జాబితాలోని సంఖ్య) ఆరు సొనాటాలలో వయోలిన్ సమాన స్థాయికి ఎదిగింది. అయినా ఆ తరువాత బీథోవెన్ ఓపస్ 12 (ఓపస్ అంటే రచన సంఖ్య) ముఖపత్రం మీద సైతం కీబోర్డు పేరే ముందు ఉండి, వెనుక “ఒక వయోలిన్‌తో” అని ఉంటుంది. క్రొయిట్సర్ సొనాటాగా పేరుపొందిన ఓపస్ 47ను దాదాపు కాన్సెర్టో తరహాలో, అంటే ఆర్కెస్ట్రాతో ఒక ప్రధాన వాద్యం వాయించే రచన తరహాలో, రాశానని ఆయన ముఖపత్రం మీద ప్రత్యేకంగా చెప్పడంలోనే, మామూలు సొనాటా అలా ఉండదన్న అర్థం ఇమిడి ఉంది. ఈ సొనాటాలలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది కొన్ని బార్లకొకసారి (బారు అంటే స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే తాళపు విభాగం) మారుతూనే ఉంటుంది. పాటకు వాద్య సహకారం చేర్చినట్లు వయోలిన్‌ను ఒకచోట పెంచి ఉంచేస్తే, ఆ మార్పిడి అంతా చెరిగిపోతుంది.

మా మొదటి రికార్డింగులో సరిగ్గా అదే జరిగింది. గది ఒకటే కానీ, మా మధ్య అడ్డు పలకలు నిలబెట్టి, వయోలిన్‌కు అర మీటరు దూరంలో ఒక మైకు, పియానో మూత కింద రెండు మైకులు పెట్టారు. ఒకరి వాద్యం మరొకరికి హెడ్‌ఫోన్లలోనే వినిపించేది. బీథోవెన్ ఓపస్ 24, అంటే స్ప్రింగ్ సొనాటా, మొదటి పది బార్లలో వయోలిన్ రాగం పాడుతుంటే పియానో కింద మెత్తగా పారుతూ ఉంటుంది. పదకొండవ బారులో అదే రాగాన్ని పియానో అందుకుంటుంది, ఆ పారుదల వయోలిన్‌కు వెళుతుంది. వేదిక మీద ఆ చోట ఆమె కమాను ఒత్తిడిని ఎంత తగ్గిస్తుందో, నేను కుడిచేతి పై స్వరాన్ని ఎంత పైకి తెస్తానో ఎవరమూ లెక్క వేసుకోము. ఒకరి శబ్దం మరొకరిని తాకగానే చెయ్యి దానంతట అది సర్దుకుంటుంది. హెడ్‌ఫోన్లలో ఆమె వయోలిన్ నాకు ఎప్పుడూ ఒకే స్థాయిలో, చెవి పక్కనే వినిపించింది కాబట్టి నా చెయ్యికి సర్దుకోవలసిన అవసరమే తోచలేదు. తరువాత విన్నప్పుడు పదకొండవ బారులో వయోలిన్ తోడు స్వరాలు ముందుకు పొడుచుకువచ్చాయి, నేను వాయించిన రాగం పక్క గదిలో నుండి వచ్చినట్లు ఉంది. ఆ చోట వయోలిన్‌ను తగ్గించి చూశాము. శబ్దం తగ్గింది కానీ, కమాను బలంగా ఒత్తి వాయించిన స్వరపు రంగు అలాగే ఉండిపోయింది. గట్టిగా వాయించిన స్వరాన్ని చిన్నది చేయగలమే గాని, మెత్తగా వాయించిన స్వరంగా మార్చలేము.

వయోలిన్ విద్వాంసుడు ఆర్థర్ గ్రుమియో తానే వయోలిన్, తానే పియానో వాయించి మొజార్ట్ కె. 481ను రికార్డు చేశాడు కదా అని మీరు అడగవచ్చు. అది నిజమే. అయితే ఆ రెండు భాగాల వెనుక ఉన్నది ఒకే మనస్సు. అదే గ్రుమియో పియానో విద్వాంసురాలు క్లారా హాస్కిల్‌తో 1956, 57లలో చేసిన బీథోవెన్ సొనాటాలను వింటే, ఇద్దరు మనుషులు ఒకరికొకరు చోటిచ్చుకోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

రెండవసారి మేము హెచ్చు ప్రతిధ్వని లేని ఒక చిన్న హాలును తీసుకుని, అన్ని వైపుల నుండీ శబ్దాన్ని గ్రహించే మైకులు రెండింటిని అర మీటరు ఎడంతో ఒకే స్టాండుకు బిగించాము. స్టాండు పియానో వంపుకు (పెద్ద పియానో పక్కవైపు లోపలికి వంగి ఉండే చోటుకు) రెండున్నర మీటర్ల దూరంలో, మైకులు నేల నుండి రెండు మీటర్లకు కొంచెం పైన ఉన్నాయి. ఈ కొలతలు మీ గదికి అచ్చంగా సరిపోతాయని కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి చెబుతున్నాను. ఆ తరువాత మైకులను ముట్టుకోకుండా మనుషులనే జరిపాము. కచేరీలో నిలబడినట్లు పియానో వంపులో నిలబడితే వయోలిన్ మూత కిందినుండి వచ్చే శబ్దంలో కలిసిపోయింది. ఒక మీటరు ముందుకు వస్తే స్పష్టత వచ్చింది గాని, రెండు వాద్యాలూ విడిపోయాయి. చివరకు వంపు నుండి ముప్పావు మీటరు ముందుకు, పక్కకు కొద్దిగా జరిగి, ఆమె కమాను చెయ్యి నాకు కనిపించేలా సగం నావైపు తిరిగి నిలబడింది. అప్పుడు పదకొండవ బారు మార్పిడి మొదటిసారిగా మైకులో వినిపించింది. ఆ చోట ఆమె పాదాల చుట్టూ నేల మీద టేపు అంటించాము. భోజన విరామం తరువాత ఆమె ఆ గుర్తుకు ఒక అడుగు వెనుక నిలబడితే, తీసిన టేకులు, అంటే ఒక్కో విడతగా వాయించి రికార్డు చేసినవి, ఉదయం వాటితో అతకలేదు.

పియానో మింగేస్తోందని చెప్పగానే అందరూ ఇచ్చే సలహా మూత దించమని. మేము అదీ చేసి చూశాము. మూత దించితే స్వరాల అంచులు మొద్దుబారతాయి తప్ప, కింది స్వరాల బరువు అంతగా తగ్గదు. స్పష్టత పోయిన పియానో ఇంకా అడ్డంగా అనిపిస్తుంది; పైగా తన స్వరాలు తనకు సరిగా వినిపించక వాయించేవారు తెలియకుండానే గట్టిగా కొడతారు. మూత పూర్తిగా ఎత్తి ఉంచి, ఎడమచేతిని తేలిక చేయడమే సరైన మందు. మొజార్ట్ వాయించిన ఐదు సప్తకాల పియానోలో కింది స్వరాలు పలుచగా, త్వరగా ఆగిపోయేవిగా ఉండేవి. ఎడమచేతికి ఆయన రాసిన దట్టమైన తోడు స్వరాలు ఆ వాద్యంలో వయోలిన్‌కు అడ్డు రావు. నేటి పెద్ద పియానో మీద వాటిని రాసినంత నిండుగా, పెడల్ తొక్కిపట్టి వాయిస్తే మాత్రం ఏ మైకూ కాపాడలేదు. నేను ఎడమచేతిని ఒక మెట్టు తగ్గించి, పెడల్‌ను సగానికి సగం మానుకున్న తరువాతే మా సమస్యలో పెద్ద భాగం తీరింది. మీలో పియానో వాయించేవారు మైకుల గురించి ఆలోచించే ముందు ఈ పని చేసి చూడాలని నా విన్నపం.

వయోలిన్‌కు దగ్గరగా మరో మైకు కావాలంటే పెట్టుకోండి కానీ, దాన్ని చాలా తక్కువ స్థాయిలో వాడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే ఒక మీటరుకు దాదాపు మూడు మిల్లీసెకన్లు. దగ్గరి మైకుకు అందిన కొద్దిసేపటికి అదే స్వరం ప్రధాన మైకులకు అందుతుంది కాబట్టి, ఆ తేడా మేరకు దగ్గరి మైకు ట్రాకును వెనక్కు జరపకపోతే వయోలిన్ స్వరం పలుచబడుతుంది.

శ్రుతి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. కె. 304 ఇ మైనర్ సొనాటా మొదలయ్యేది తోడు స్వరాలేవీ లేకుండా, రెండు వాద్యాలూ ఒకే రాగాన్ని కలిసి పలకడంతో. దాచుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఒంటరిగా వాయించేటప్పుడు వయోలిన్ విద్వాంసులు డి షార్ప్ స్వరాన్ని దాని పైనున్న ఇ స్వరం వైపు కొద్దిగా ఎక్కించి పలుకుతారు. చెవికి అదే ఇంపుగా ఉంటుంది. పియానోలో ఆ స్వరం స్థిరం, ఎక్కడికీ జరగదు. వేదిక మీద ఎవరికీ పట్టని ఆ తేడా రికార్డింగులో పదేపదే విన్నకొద్దీ ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకని మేము ఆ సొనాటాలో ఇద్దరం కలిసి పలికే చోట్లన్నింటినీ పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, అక్కడ పియానో శ్రుతికే కట్టుబడాలని, వయోలిన్ ఒంటరిగా పాడే చోట్ల ఆమె ఇష్టానికి వదిలేయాలని ముందే అనుకున్నాము. పియానో ట్యూనరును ఉదయం ఒక్కసారి పిలిచి పంపేయకుండా రోజంతా అందుబాటులో ఉండమనండి. హాలులో వేడి, తేమ మారితే పియానో శ్రుతి కదులుతుంది; ఉదయం ‘ఎ’ స్వరాన్ని 442 హెర్ట్జ్‌కు పెట్టి శ్రుతి కట్టిన వాద్యం సాయంత్రానికి అక్కడే ఉంటుందన్న హామీ లేదు. వయోలిన్‌కు కొత్త తీగలు వేయాలనుకుంటే రికార్డింగుకు కొద్ది రోజుల ముందే వేసి వాటిని సాగనివ్వాలి.

టేకుల దగ్గర మా క్రమం ఇది. ప్రతి భాగాన్ని మొదట ఆపకుండా రెండుసార్లు చివరిదాకా వాయించాము. తప్పులు ఉన్నా సరే, ఆ సొనాటా వేగమూ ఊపిరీ ఎక్కడున్నాయో వాటిలోనే దొరుకుతుంది. తరువాత వాటిని విని, అవసరమైన చోట్లను మాత్రమే మళ్లీ వాయించాము. అలా వాయించేటప్పుడు తప్పు జరిగిన బారు దగ్గర కాక, దానికి ఎనిమిది బార్ల ముందు మొదలుపెట్టి, నాలుగు బార్లు దాటాక ఆపాలి. పెడల్‌లో మిగిలిన మ్రోత ముందు నుండే ఉంటే తప్ప అతుకు కుదరదు. మెట్రోనోమ్ (వేగం తప్పకుండా టిక్ టిక్ మనే పరికరం) చెవిలో పెట్టుకుని వాయించవద్దు. మొదలుపెట్టే ముందు పూర్తి టేకులో ఆ చోటును ఒకసారి వింటే చాలు.

స్ప్రింగ్ సొనాటాలోని స్కెర్జోను, అంటే వేగంగా, చిలిపిగా సాగే చిన్న భాగాన్ని, రికార్డు చేసేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరమైంది. అందులో పియానో ముందుగా ఒంటరిగా పలికిన రాగాన్ని మళ్లీ ఎత్తుకున్నప్పుడు వయోలిన్ కావాలనే తాళంలో ఒక దెబ్బ వెనుకబడి వస్తుంది. బీథోవెన్ చేసిన ఆ చమత్కారం నిలవాలంటే ఆలస్యం కచ్చితంగా ఒక దెబ్బ ఉండాలి. కొంచెం అటూ ఇటూ అయితే వినేవారు మీకు కలిసి వాయించడం రాదనుకుంటారు. మేము ఆ ఒక్క పుటకు పదకొండు టేకులు తీసుకున్నాము. కుదిరినది ఏదంటే, ఆమె నావైపు చూడటం మానేసి, నా చేతుల శబ్దాన్నే వింటూ వాయించినది.

మిగిలినవి చిన్న విషయాలే. ఏసీ ఆపించండి, కిర్రుమనే బల్లను మార్చండి, మెత్తని అడుగులున్న చెప్పులు వేసుకోండి. ఏ పునరావృత్తులు (మళ్లీ వాయించమని రాసి ఉన్న చోట్లు) వాయిస్తారో ముందే నిర్ణయించుకోండి. ఖాళీ హాలు నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి. భాగాల మధ్య విరామానికి పనికివస్తుంది. 24 బిట్లలో రికార్డు చేస్తూ, అతి గట్టి స్వరం కూడా రికార్డరు మీటరులో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే సరిపోతుంది. రోజుకు మూడు గంటల చొప్పున రెండు విడతలకు మించి వాయించకండి. మాకు మూడు సొనాటాలకు మూడు రోజులు పట్టింది.

హాలును రోజుల లెక్కన మాట్లాడుకునే ముందు ఒక్క సాయంత్రం వెచ్చించి, స్ప్రింగ్ సొనాటా మొదటి ఇరవై బార్లను వయోలిన్‌ను మూడు వేర్వేరు చోట్ల నిలిపి రికార్డు చేయండి. మైకులు కదలకూడదు, స్థాయిలు మార్చకూడదు. ఏది ఏ చోటో తెలియకుండా మరెవరి చేతనైనా వరుస మార్పించి, మర్నాడు ఉదయం ఇద్దరూ విడివిడిగా వినండి. పదకొండవ బారులో రాగం చేతులు మారడం ఏ రికార్డింగులో వినిపించిందో రాసుకుని, ఆ తరువాతే ఒకరి కాగితం ఒకరు చూసుకోండి.