మీ ప్రశ్నలు – మా జవాబులు: గురువారం మూడున్నరకి ఆ తల్లులు

ప్రశ్న: అర్జెంటీనాలో ముసలి తల్లులు తలకి తెల్లగుడ్డ కట్టుకుని ఏళ్ల తరబడి ఒక స్తంభం చుట్టూ తిరుగుతున్నారని చదివా. ఊరేగింపు అంటే ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదండీ, ఈ ప్రదక్షిణాలేంటి, మొక్కా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మొక్కు కాదు, పోలీసుల రూలు. 1976 మార్చి 24న అక్కడ మిలటరీవాళ్ళు ప్రభుత్వాన్ని పడగొట్టారు, జనరల్ విడేలా గద్దెనెక్కాడు, ఇక అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఇంటిమీదపడి పిల్లల్ని ఎత్తుకెళ్ళడం, పొద్దున్నే తల్లి స్టేషన్‌కి పోతే మాకేం తెలీదనడం. స్టేషన్‌కీ ఆఫీసులకీ చర్చికీ తిరిగి తిరిగి ఆ వరండాల్లోనే ఈ ఆడాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పరిచయమయ్యారు. వాళ్ళల్లో అజుసెనా విల్లాఫ్లోర్ అనే ఆవిడ, ఇలా ఎవరికి వాళ్ళం తిరిగితే పని కాదు, అధ్యక్షుడి భవనం ఎదురుగా ఉన్న ప్లాజా డె మాయో అనే చౌక్‌కే పోదాం అంది. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగుమంది వెళ్ళారు. తీరా చూస్తే శనివారం, ఆఫీసులకి సెలవు, చౌక్ ఖాళీ! తర్వాత శుక్రవారం అనుకున్నారు, ఒకావిడ శుక్రవారం మంచిది కాదందట, అలా గురువారం ఖాయమైంది (వారాల పట్టింపు మనకొక్కళ్ళకే కాదన్నమాట).

అప్పుడు మన 144 సెక్షన్ లాంటిది అమల్లో ఉంది, ముగ్గురు కలిసి నిలబడితే గుంపే. పోలీసులొచ్చి ఇక్కడ నిలబడొద్దు, నడవండి నడవండి అన్నారు. సరే నడుస్తాం అని ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ నడవడం మొదలెట్టారు, అంతే, ఇక ఆపలేదు. తెల్లగుడ్డ కథ అదే ఏడాది అక్టోబర్‌ది. లుహాన్ తీర్థానికి లక్షల జనం పోతారు, అంతమందిలో మనవాళ్ళని గుర్తుపట్టడం ఎలా అని, బిడ్డల చిన్నప్పుడు కట్టి దాచుకున్న గుడ్డల్ని తలకి కట్టుకున్నారు. ఇప్పటి డైపర్లు కాదు, ఉతికి ఆరేసి మళ్ళీ కట్టేవి.

ప్రశ్న: అన్నేళ్ళు తిరిగి ఏం సాధించారు సార్? పోయిన పిల్లలైతే రాలేదుగా? – డిగ్రీ స్టూడెంట్, కరీంనగర్

జవాబు: రాలేదు. పైగా మొదటి ఏడాదే అజుసెనా కూడా పోయింది. ఆస్తిజ్ అనే నేవీ ఆఫీసరు మా తమ్ముడు కూడా కనపడట్లేదు అని చెప్పి వీళ్ళల్లో చేరాడు, పాపం కుర్రాడు కదా, నువ్వు చౌక్‌కి రాకు నాయనా పట్టుకుపోతారు అని ఈ తల్లులే వాడి గురించి భయపడేవాళ్ళు. 1977 డిసెంబర్‌లో వాడు చూపించినవాళ్ళనే పట్టుకెళ్ళారు, డిసెంబర్ 10న అజుసెనాని. ఆ రోజే పేపర్లో మాయమైనవాళ్ళ పేర్లతో తల్లులు ఇచ్చిన ప్రకటన వచ్చింది.

మాయం చెయ్యడంలో కిటుకేంటంటే శవం లేదు కాబట్టి హత్య లేదు, హత్య లేదు కాబట్టి కేసు లేదు. 1979లో విలేకర్లు అడిగితే విడేలా అదే అన్నాడు, వాళ్ళు బతికీ లేరు చచ్చీ లేరు, మాయమయ్యారంతే అని. దానికి తల్లుల దగ్గరున్న జవాబు ప్రతి గురువారం మూడున్నరకి ఫొటో పట్టుకుని రావడం. 1983లో మిలటరీ దిగిపోయాక కమిషన్ 8,961 మంది లెక్క తేల్చింది, హక్కుల సంఘాలు 30,000 అంటాయి. 1985లో విడేలాకి యావజ్జీవం పడింది, తర్వాత కేసులు ఆపే చట్టాలొచ్చాయి, 1990లో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు, అయినా వీళ్ళు గురువారం మానలేదు. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లవంది. ఆ ఏడాదే, ఎప్పుడో సముద్రం ఒడ్డుకి కొట్టుకొస్తే పేరు లేకుండా పాతిపెట్టిన శవాల్లో అజుసెనాది దొరికింది, ఎముకలు విరిగిన తీరు చూస్తే ఎత్తునుంచి పడ్డట్టు, అంటే విమానంలోంచి తోసేశారు. 2011లో ఆస్తిజ్‌కి యావజ్జీవం, విడేలా 2013లో జైల్లోనే చచ్చాడు.

ఇంకోటి, 1986లో తల్లులు రెండుగా చీలిపోయారు. ఒక వర్గం ఎముకలు తవ్వొద్దంది, ప్రాణాలతో తీసుకెళ్ళారు, ప్రాణాలతోనే అప్పజెప్పండి అని పట్టు. నన్నడిగితే తవ్వినవాళ్ళదే రైటు, అది లేకపోతే అజుసెనాని ఏం చేశారో తేలేదే కాదు. కానీ చచ్చిపోయాడని ఒప్పుకుంటూ సంతకం పెట్టమంటే ఏ తల్లికైనా చెయ్యి ఎలా ఆడుతుందండీ.

ప్రశ్న: అమ్మానాన్నా ఇద్దరూ మాయమైతే పిల్ల ఎవరిదో డీఎన్ఏతో ఎలా తేలుస్తారు? – టీచర్, అనకాపల్లి

జవాబు: మంచి ప్రశ్న మేడమ్. కడుపుతో ఉన్న ఆడవాళ్ళని కూడా పట్టుకెళ్ళారు, కాన్పయ్యేదాకా ఉంచి తల్లిని చంపేసి బిడ్డని మిలటరీ కుటుంబాలకీ వాళ్ళకి కావలసినవాళ్ళకీ ఇచ్చేశారు. ఇలాంటివాళ్ళు 500 మంది దాకా అని అంచనా. వాళ్ళ అమ్మమ్మలూ నానమ్మలూ విడిగా సంఘం పెట్టుకుని సైంటిస్టుల వెంట పడ్డారు, మా రక్తంతో తేల్చగలరా అని. అమెరికాలో మేరీ క్లేర్ కింగ్ అనే జెనెటిక్స్ ఆవిడ చేసి చూపించింది. మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి మనవరాలిదీ అమ్మమ్మదీ ఒకటే, మధ్యలో తల్లి లేకపోయినా పర్లేదు. 1987లో దీనికోసం ప్రభుత్వమే జీన్ బ్యాంకు పెట్టింది, ముసలాళ్ళు పోయినా శాంపిల్ ఉంటుందని. 2025 జులైకి 140 మంది దొరికారు. సంఘం అధ్యక్షురాలు ఎస్తెలా డె కార్లోత్తో మనవడు దొరికేసరికి 2014, ఆవిడకి 83 ఏళ్ళు, అప్పటికే ఊళ్ళోవాళ్ళ మనవల్ని వంద మందికి పైగా వెతికిపెట్టారు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి తల్లులు లేరా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఎందుకు లేరు. శ్రీనగర్‌లో పర్వీనా అహంగర్ 1994లో సంఘం పెట్టింది, వాళ్ళ అబ్బాయిని 1990లో పట్టుకెళ్ళారు. కేరళలో ఎమర్జెన్సీ టైంలో రాజన్ అనే ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని తీసుకెళ్తే వాళ్ళ నాన్న ఈచర వారియర్ 1977లో హెబియస్ కార్పస్ (పట్టుకెళ్ళిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్) వేశాడు, ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయాల్సొచ్చింది, శవం మాత్రం ఇప్పటికీ దొరకలేదు. మన పౌరహక్కులవాళ్ళు కూడా ఎన్నోసార్లు ఆ పిటిషన్ పట్టుకునే హైకోర్టుకెళ్ళారు. మనుషుల్ని మాయం చెయ్యడం మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది, ఇండియా 2007లో సంతకం పెట్టింది, అమల్లోకి తెచ్చే ఆమోదం ఇంకా ఇవ్వలేదు.