శంషాబాద్‌లో దిగి హన్మకొండకు రావాలంటే ఉప్పల్ పట్టుకోండి

అమ్మానాన్నలు మధ్యాహ్నం శంషాబాద్‌లో దిగుతున్నారు, చేతిలో పెద్ద బ్యాగులు, తీసుకొచ్చే మనిషి లేడు, సికింద్రాబాద్ పోయి రైలెక్కమనాలా అని ఒకరు అడిగారు. రిజర్వేషన్ లేకపోతే అటు పంపకండి. ఊరు మధ్యలోకి పోయి మళ్లీ బయటికి రావడంలోనే పెద్దవాళ్లు అలసిపోతారు. హన్మకొండ బస్సులు ఎక్కువగా ఎట్లాగూ ఉప్పల్ మీదుగానే పోతాయి, నేరుగా అక్కడికే రమ్మనండి.

ఎయిర్‌పోర్టులో పైఅంతస్తు వెళ్లేవాళ్లకు, కింది అంతస్తు వచ్చేవాళ్లకు. బయటికి రాగానే ఆర్టీసీ పుష్పక్ బస్సులు దొరుకుతాయి. చాలామంది తప్పు బస్సెక్కేది ఇక్కడే. సికింద్రాబాద్ బోర్డు చూసి ఎక్కితే అది మెహదీపట్నం వైపు పోవచ్చు. ఎక్కేముందు కండక్టర్‌ను "ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా పోతదా?" అని అడగాలి. ఉప్పల్‌కు గంట పైనే పడుతుంది.

ఉప్పల్‌లో పుష్పక్ దిగేది నాగోల్ రోడ్డు వైపు, వరంగల్ బస్సులు ఆగేది చౌరస్తా అవతల. సామానుతో రోడ్డు దాటనివ్వకండి, అది చాలా ప్రమాదం. 2023లో తెరిచిన స్కైవాక్ ఉంది. లిఫ్టులో పైకెక్కి, "వరంగల్ బస్టాప్" వైపు నడిచి, మళ్లీ లిఫ్టులో దిగితే సరిపోతుంది.

ఎక్స్‌ప్రెస్‌లో అమ్మకు మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం) కింద టికెట్ డబ్బులు ఉండవు, ఆధార్ కార్డు చేతికందేలా ఉండాలి. పుష్పక్‌లో, సూపర్ లగ్జరీలో అది చెల్లదు. అయినా సామానుంటే సూపర్ లగ్జరీయే నయం, బ్యాగులు డిక్కీలో పడతాయి. ఎక్స్‌ప్రెస్‌లు సిటీలోనే నిండి వస్తాయి కాబట్టి ఉప్పల్‌లో సీటు కష్టం. ఆన్‌లైన్‌లో ఎక్కే చోటు ఉప్పల్ అని పెట్టి బుక్ చేయండి. కానీ ముందురోజే చేయొద్దు, ఫ్లైట్ లేటయితే టికెట్ పోతుంది. వాళ్లు బెల్టు దగ్గర బ్యాగుల కోసం నిలబడ్డప్పుడు మీరిక్కడ చేసేయండి, బస్సు టైముకు రెండు గంటలైనా ఉండేట్టు చూసుకుని.

కారు మాట్లాడితే డ్రైవర్‌కు ముందే చెప్పండి: ఔటర్ రింగ్ రోడ్డు మీద 9వ ఎగ్జిట్, ఘట్‌కేసర్ దగ్గర దిగాలని. ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవర్ పనులతో ఏళ్ల తరబడి రోడ్డు ఆగమైంది, ఆ ముక్క తప్పుతుంది. ఔటర్ టోల్ కాకుండా గూడూరు, కోమళ్ల టోల్‌గేట్లు కూడా వస్తాయి, కిరాయిలో కలిపారో లేదో ముందే తేల్చుకోవాలి.

రైలు టికెట్ ముందే ఉంటే అందులో స్టేషన్ పేరు చూడండి, కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లి నుంచి పోతున్నాయి. విశాఖ వందేభారత్ కాజీపేటలో ఆగదు, వరంగల్‌లోనే. బల్లార్షా వైపు పోయే బండ్లు కాజీపేట దాకానే మనకు పనికొస్తాయి, వరంగల్ స్టేషన్‌కు రావు.

వరంగల్ పక్కనే మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి వచ్చింది, కానీ అక్కడ విమానాలు దిగేదాకా మనందరికీ శంషాబాదే దిక్కు.