ఇత్తడి మెడ చీలుతోందంటే

ఒరేయ్ అల్లుడూ,

పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు మళ్లీ నింపి వాడుతుంటే, బుల్లెట్‌ని పట్టుకునే మెడ దగ్గర చీలుతున్నాయని నువ్వు టెక్సాస్ నుంచి పంపిన ఫోటోలు చూశాను. తుపాకి మందు ఎక్కువైందేమోనని టెన్షన్ పడుతున్నావు గానీ, చీలికలన్నీ మూతి దగ్గర మొదలై భుజం (మెడ కింద వెడల్పయ్యే వాలు) వైపు నిలువుగా పోయాయి కాబట్టి నాకైతే ఇత్తడి గట్టిపడిపోయిందనే అనిపిస్తోంది. పేల్చిన ప్రతిసారీ మెడ ఉబ్బుతుంది, నువ్వు డైలో (పాత కొలతకి తెచ్చే అచ్చులో) పెట్టి మళ్లీ నొక్కుతావు, అలా ఎన్నిసార్లని తట్టుకుంటుంది? చీలినవి పారెయ్. మిగతావాటికి అడుగున ఉండే ప్రైమర్ (మందుకి నిప్పంటించే బిళ్ల) తీసేసి అనీలింగ్ చెయ్యి, అంటే వేడిచేసి ఇత్తడిని మెత్తబరచు.

వేడి మెడకీ భుజానికీ మాత్రమే. 400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కొన్ని సెకన్లు చాలు, ఆ వేడికి కరిగే పూత అమ్ముతారు, అది రాసి చూసుకో, కంటి అంచనా వద్దు. మెడ నారింజ రంగుకి వచ్చిందంటే పని చెడిందనే, ఇక అది బుల్లెట్‌ని పట్టుకోదు. అడుగుకి మాత్రం సెగ తగలనివ్వకు. పీడనమంతా మోసేది అదే, అది మెత్తబడితే గ్యాస్ వెనక్కి నీ మొహం మీదికే తన్నుతుంది. నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని ఎవడో చెప్పాడన్నావే, అది ఉక్కు సంగతి. ఇత్తడిని ముంచేది వేడి కిందికి పాకకుండా ఆపడానికే.

కడగడానికి అమ్మోనియా ఉన్న పాలిష్ జోలికి పోకు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, నొక్కుళ్లకి ఇత్తడి లోపల మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అని 1921లో గానీ తేలలేదు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు చాలు. మీ అత్త దీపపు కుందుల్ని చింతపండులో నానేసి మర్చిపోతే ఎర్రబారతాయి చూడు, జింకు పోయి రాగి తేలుతుందన్నమాట. కాబట్టి కాసేపు ఉంచి తీసెయ్.

సైజింగ్ (డైలో నొక్కడం) అయ్యాక పొడవు ట్రిమ్ చేసి, మూతి లోపలి అంచు కాస్త వాలుగా చెక్కి (చాంఫర్), బయట అంచున లేచిన గరుకు (బర్) తియ్యి, లేకపోతే బుల్లెట్ గీసుకుపోతుంది. లోపల మరీ కత్తిలా చెక్కకు.

అన్నట్టు మీ తమ్ముడు ఇక్కడ కూకట్‌పల్లిలో తనూ మొదలుపెడతానంటున్నాడు. లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే అని వాడికి నువ్వు కూడా గట్టిగా చెప్పు, నా మాట వినట్లేదు.

బుల్లెట్ పెట్టకముందు, పెట్టాక మెడ బయటి కొలతలు మైక్రోమీటర్‌తో తీసి పంపు. తేడా రెండు థౌ (అంగుళంలో వెయ్యోవంతుని థౌ అంటారు) దరిదాపుల్లో ఉంటే సరే, బాగా ఎక్కువుంటే డై సంగతి చూద్దాం.

మామయ్య